రెండు సెకన్ల వెలుతురు

బటన్ నొక్కితే రెండు సెకన్లు వెలుగుతుంది,
తర్వాత చీకటి.
మళ్లీ నొక్కితే మళ్లీ రెండు సెకన్లు,
చేబదులిచ్చి గుమ్మం దాటకముందే
తిరిగి అడిగే మనిషిలాగా.

కింద సీపీయూ మాత్రం పచ్చదీపంతో గురక పెడుతూనే ఉంది.
వైరు మార్చాను. ప్లగ్గు మార్చాను.
మా నాన్న రేడియోకి చేసే వైద్యం కూడా చేశాను,
పక్కన అరచేత్తో ఒక్కటి.
ఆ రోజులు పోయాయి.

పొద్దున పదింటికల్లా బ్రాడీపేట ప్రెస్సుకి కార్డు చేరాలి.
నల్లపాడు వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షను.
ఐదొందల కార్డులకి మూడొందలు అడ్వాన్సిచ్చారు,
అందులో రెండొందలు అప్పుడే గ్యాసు బండకి పోయాయి.

నాజ్ సెంటర్లో సుభాని కొట్టు కట్టేస్తున్నాడు.
"టార్చి తీసుకో సలోమక్కా,
తెర మీద ఏటవాలుగా వెయ్యి.
అక్షరాలు కనపడతన్నయ్యా?"

వేశాను.
ఉన్నాయి.
బావి అడుక్కి జారిన చెంబులాగా మసగ్గా,
ఎక్కడివక్కడే ఉన్నాయి:
గణపతి, ముహూర్తం, విందు పన్నెండు గంటలకు,
బంధుమిత్ర సపరివారంగా.

"అయితే బొమ్మకేం కాలేదక్కా,
వెనకాల దీపానికే తిండి అందట్లేదు.
తీగ పీకి పావుగంట ఆగు, తొందరపడి చెయ్యి పెట్టమాక.
కరెంటు పోయినా అవి కొంత దాచుకుంటయ్."

పీకేముందు, ఎందుకో,
కార్డంతా టార్చితో జానెడు జానెడు చదివాను.
నాలుగో వరసలో
హిమజ ఉండాల్సిన చోట లహరి ఉంది.
లహరిది పోయిన నెల కార్డు, పొత్తూరు వాళ్లది.
నిండు వెలుతురులో నేను నాలుగుసార్లు చూశాను.
వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి
సంతకం చేసి వెళ్లాడు.

వెనక మూతకి స్క్రూలు నాలుగే,
మిగతాదంతా కొక్కేలు.
చెంచా కాడ దూర్చి తిప్పితే
టక్, టక్, టక్,
నాలుగోది మాత్రం టప్పుమంది. విరిగింది.
స్క్రూలు ఆవకాయ సీసా మూతలో వేశాను.

మూత లేవగానే ఎర్రటి దుమ్ము.
మర్చేపోయాను,
ఇది మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నుంచి
పన్నెండొందలకి తెచ్చుకున్న ముఖం.
ఆరేళ్లు తేజ రకం బస్తాల మధ్య
క్వింటాళ్ల లెక్కలు చూసింది.
పదకొండు తుమ్ములు తుమ్మాను.
మొదటి మూడింటికీ గోడవతల అనసూయమ్మ
చిరంజీవ, చిరంజీవ అంది,
తర్వాత విసుక్కుంది:
"ఈ వేళప్పుడు మిరపకాయలు వేయించడమేంటే?"

లోపల ఆరు చిన్న డబ్బాలు నిలబడి ఉన్నాయి.
నలుగురి నెత్తి బల్లపరుపు.
ఇద్దరివి పూరీల్లా పొంగాయి.

సుభాని కొడుకు రియాజ్ సైకిలు మీద వచ్చాడు,
కాగితంలో రెండు కొత్త డబ్బాలు, చేతిలో కాల్చే పుల్ల.
"పదహారు వోల్టులవి లేవంట, ఇరవై అయిదువి పంపాడు.
ఎక్కువైతే పర్లేదంట, తక్కువైతేనే పేల్తయ్యంట.
ఇరవై నాలుగు రూపాయలు."

తెల్లగీత ఎటుండేదో పెన్నుతో గుర్తు పెట్టి తీయాలి.
ఒకటి పెట్టాను, ఒకటి మర్చిపోయాను.
రియాజ్ బోర్డు మీదికి వంగి
సగం రంగేసిన గుండ్రం చూపించాడు:
"గీత ఇటే ఆంటీ." తొమ్మిదో తరగతి.
టార్చి పళ్ల మధ్య పట్టుకున్నాడు,
వాడి మాటలన్నీ తడిగా వచ్చాయి.

పుల్ల తగిలిన చోట సీసం
నెయ్యిలా మెరిసి, చుక్కై, గడ్డకట్టింది.
గుగ్గిలం వాసన, దాని కింద మిర్చి ఘాటు.
వేలు కాలింది. చెవి తమ్మె పట్టుకున్నాను.

బటన్.
ఒకటి. రెండు.
మూడు అనడానికి ఇద్దరికీ భయమేసింది.
మూడు.
అరవై దాకా లెక్కపెట్టాక
వాడు టీ అడిగాడు.

హిమజ అని కొట్టాను, సేవ్ చేశాను.
ఇంకెక్కడైనా లహరి మిగిలిందేమోనని
పాత పద్ధతిలోనే టార్చి వేసి చూశాను,
నా వేలిముద్రలు తప్ప ఏమీ కనపడలేదు.

మూతలో ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు.
తెర వేడెక్కిన కొద్దీ
గదిలో సన్నగా కారం లేస్తోంది.